ఖాదర్ గ్రూపులో చదవని మెసేజ్

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద విగ్గులు ఎగుమతి చేసే కంపెనీ ఒకటుంది. బోర్డు నిజమే, విగ్గులూ నిజమే. మేడ మీద గదిలో జరిగే వ్యవహారం మాత్రం వేరు. అది ఒక నిఘా విభాగానికి రహస్య కార్యాలయం. మారువేషాలకు విగ్గులు బయట కొనే పని ఉండదని ఆ చోటు ఎంచుకున్నారట. ప్రభుత్వం వారికి పొదుపు ఎక్కడ గుర్తొస్తుందో ఎవరూ చెప్పలేరు.

జూన్ నెలలో ఒక ఉదయం ఏజెంట్ సుకుమార్ ఆ గదిలోకి అడుగుపెట్టేసరికి టేబుల్ మీద పాత కంప్యూటర్ వెలుగుతోంది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. బొమ్మల్లేవు, మౌస్ లేదు. దాని ముందు శాఖకు పెద్ద ప్రసన్నకుమారి కూర్చుని ఉంది. నవ్వాల్సిన చోట నవ్వదనీ, అరవాల్సిన చోట అరవదనీ ఆవిడకు డిపార్ట్‌మెంట్‌లో పేరు.

"ఇదేందో తెలుసునా?" అని అడిగింది.

"మ్యూజియంలో చూసినట్టుండాది మేడం."

ఆవిడ నవ్వలేదు. దాన్ని న్యూస్‌రీడర్ అంటారని చెప్పింది. సెల్‌ఫోన్లు రాకముందు, ఆవిడ ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, కంప్యూటర్ ల్యాబుల్లో జనం కబుర్లు చెప్పుకున్నది దీంతోనే. ఒక్కో విషయానికి ఒక్కో న్యూస్‌గ్రూపు. ఎవరో ఒకరు రాసింది మిషన్‌లో ఉంటుంది, మిగతావాళ్లు తీరిక దొరికినప్పుడు గ్రూపు తెరిచి చదువుకుంటారు. లోకమంతా దీన్ని మరిచిపోయింది. మరిచిపోయిన వస్తువు మీద నిఘా ఎవరూ పెట్టరు కాబట్టి ఒక విదేశీ ముఠా దీన్ని దుమ్ము దులిపి వాడుకుంటోంది.

ముఠా కన్ను శ్రీహరికోట మీద ఉంది. ఎగిరిన రాకెట్ దారి తప్పితే దాన్ని గాల్లోనే పేల్చేయడానికి ఒక సంకేతం ఉంటుంది. ఆ కోడ్ వాళ్ల చేతిలో పడితే దారి తప్పని రాకెట్‌ను కూడా పేల్చేయొచ్చు. ముఠాలో ఎవరూ ఫోన్ వాడరు. చిత్తూరులో ఒక మిషన్, అందులో మామిడి రకాల పేర్లతో న్యూస్‌గ్రూపులు: బేనీషా, తోతాపురి, మల్గూబా, ఖాదర్. ముఠాలో ఒక్కొక్కరికి ఒక్కో గ్రూపు. ఎక్కడున్నా సరే, ఒకే లాగిన్‌తో ఆ మిషన్‌లోకి వచ్చి తన గ్రూపు తెరిచి ఆర్డర్ చదువుకుని పోవాలి.

"తాళం చెవులు ఐదే," అంటూ ప్రసన్నకుమారి కీబోర్డు ముందుకు జరిపింది. "జి కొట్టి గ్రూపు పేరు టైప్ చేస్తే గ్రూపు తెరుచుకుంటాది. స్పేస్ బార్ కొడితే చదవని మెసేజ్ వస్తాది. చదివినాక దానికి చదివినట్టు గుర్తు పడతాది, ఇంక స్పేస్ కొట్టినా రాదు. సి కొడితే గ్రూపులో అన్నిటికీ ఒకేసారి ఆ గుర్తు పడతాది. క్యూ కొట్టి బయటికొస్తే గుర్తులన్నీ సేవ్ అయిపోతాయి. షిఫ్ట్ పట్టుకొని ఎక్స్ కొడితే ఏమీ సేవ్ కాదు, నువ్వు వచ్చినట్టే ఉండదు."

"నేను ఎక్స్‌తో రావాల, అంతేనా?"

"అంతే. అందరికీ లాగిన్ ఒకటే కదా. నువ్వు చదివిన గుర్తు మిగిలిపోతే వాళ్లకు రావాల్సిన ఆర్డర్ రాదు. ఎవురో చొరబడినారని తెలిసిపోతాది. జాడ వదిలిపెట్టి రావద్దు."

ఆ పూట ఆవిడ అతని చేత గ్రూపులు తెరిపించి, చదివించి, ఎక్స్ కొట్టించింది. మళ్లీ తెరిపించింది, మళ్లీ ఎక్స్. చివరికి ఆలోచన లేకుండానే ఎడమచేయి షిఫ్ట్ మీదికి పోవడం మొదలయ్యాక గానీ వదిలిపెట్టలేదు.

ఆ మిషన్ ఎక్కడుందో కనిపెట్టింది రూతు. పుత్తూరు అమ్మాయి. తిరుపతి స్టార్ హోటళ్లలో ఫ్యాషన్ షో జరిగితే కలంకారీ చీరలో ఆమె నడక చూడటానికే జనం వస్తారు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది, డిపార్ట్‌మెంట్ తమ మనిషి అనుకుంటుంది. సుకుమార్‌కు మాత్రం ఆమె మీద ఏనాడూ నమ్మకం కుదరలేదు. అంత అందంగా రెండు పక్కలా నవ్వగలిగిన మనిషి ఏ పక్కన నిజంగా నవ్వుతుందో ఎట్లా తెలుస్తుందని అతని వాదన. ఆ మాటే మేడంతో అన్నాడు.

"ఈ పొద్దు ఆ పిల్ల ఒంటరిగా పోతా ఉండాది," అంది ప్రసన్నకుమారి. "మనం తయారు చేసిన దొంగ కోడ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని సూళ్లూరుపేట లాడ్జిలో విదేశీ ఏజెంట్‌కి ఇచ్చేదానికి. కారు నడిపేది మునిరత్నం, వాళ్ల మనిషి. లాడ్జిలో మనోళ్లు కాచుకోనుండారు. ఆడ వాళ్లను పట్టుకొనేలోగా మిగతా ముఠా ఎవురో మనకి తెలియాల. బయటి నుంచి తెరిస్తే ఏడ నుంచి వచ్చినామో మిషన్ రాసుకుంటాది, అందుకే నువ్వే ఆడికి పోయి గ్రూపులన్నీ చదివి ఫోటో తీసుకొని రా."

సుకుమార్ కింద కొట్లో నెరిసిన విగ్గు ఒకటి ఎంచుకుని చిత్తూరు బస్సెక్కాడు.

*

మామిడి సీజన్‌లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోడ్డు కనపడదు. తోతాపురి కాయల ట్రాక్టర్లు ఒకదాని వెనకొకటి బారులు తీరి ఉంటాయి. డ్రైవర్లు ట్రాలీల నీడలో పడుకుని ఉంటారు. రూతు ఆచూకీ చెప్పిన ధనశేఖర్ ఫ్యాక్టరీ ముందు కూడా అదే వరస. ధనశేఖర్ తెల్ల చొక్కా, వేళ్లకు ఉంగరాలు, నోట్లో ఎప్పుడూ మంచి మాట ఉండే పెద్దమనిషి. అతని కాయ రుచి గురించి మద్రాసు దాకా చెప్పుకుంటారు. అతని ఇంకో వ్యాపారం గురించి ఎవరికీ తెలియదు.

కాయలు మాగబెట్టే గ్యాస్ సిలిండర్లు చెక్ చేయడానికి కంపెనీ పంపిన మెకానిక్కునని సుకుమార్ గేటు దగ్గర చెప్పాడు. ముందు రోజే ఫోన్ చేయించి ఉంచారు కాబట్టి వాచ్‌మన్ అడ్డు చెప్పలేదు. ఫ్యాక్టరీ వెనకాల కాయలు మాగబెట్టే గదులు వరసగా ఉన్నాయి. ఇనుప రేకుల గోడలు, మధ్యలో మందపాటి థర్మోకోల్, తలుపులకు చుట్టూ రబ్బరు. లోపలి గ్యాస్ బయటికి పోకూడదు, బయటి గాలి లోపలికి రాకూడదు. ఒకసారి మూసిన గదిని కాయ మాగేదాకా చిత్తూరులో ఎవరూ తెరవరు. యంత్రం దాచుకోవడానికి అంతకంటే భద్రమైన చోటు ఉండదు.

చివరి గది తలుపు గొళ్లెం ఎత్తి, అటూ ఇటూ చూసి, సుకుమార్ గబుక్కున లోపలికి దూరి తలుపు దగ్గరగా లాగాడు.

లోపల ప్లాస్టిక్ క్రేట్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మాగుతున్న కాయల వాసన ముక్కులో కాదు, గొంతులోకే వచ్చి కూర్చుంది. క్రేట్ల వెనక సన్నని సందు, సందు చివర ఒక చిన్న బల్ల, బల్ల మీద నల్లటి తెర. రూతు చెప్పినట్టే ఉంది. అతనికి కొంచెం ఆశ్చర్యమే అయింది.

రూతు చెప్పిన లాగిన్‌తో న్యూస్‌రీడర్ తెరిచి జి కొట్టాడు. బేనీషా అని టైప్ చేశాడు. గ్రూపు తెరుచుకుంది. స్పేస్. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఆర్డర్ తెర మీదికి వచ్చింది. జేబులో పెన్ను తీసి దాని మూతలో ఉన్న కెమెరాతో ఫోటో తీశాడు. తోతాపురి, మల్గూబా కూడా అట్లాగే అయ్యాయి. ఖాదర్ గ్రూపులో కొత్త మెసేజ్ ఒకటే ఉంది.

'నీలం కుళ్లినాది. బుట్టలో నుంచి తీసెయ్. నాయుడుపేట దాటనీవద్దు.'

నీలం కూడా ఒక మామిడి రకమే కాబట్టి, ఏదో సరుకు వాళ్లకు నచ్చలేదు కాబోలనుకున్నాడు. ఫోటో తీశాడు. ఎడమచేయి దానంతట అదే షిఫ్ట్ మీదికి పోయింది. ఎక్స్. తెర ఖాళీ అయింది. జాడ లేదు, గుర్తు లేదు. చాలా శుభ్రంగా చేశానని తన భుజం తానే తట్టుకుంటూ సందులో నుంచి బయటికి వచ్చాడు.

అప్పుడే తలుపు అవతల గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే గాలి లాగే ఫ్యాన్ ఆగిపోయింది.

*

తలుపుకు కంటి ఎత్తున థర్మామీటర్ దూర్చే చిన్న కన్నం ఉంది. దాని మూత పక్కకు జరిగింది.

"ఏమప్పా మెకానిక్కూ, గ్యాస్ సరిగ్గా ఉండాదా?" ధనశేఖర్ గొంతు పెళ్లికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు ఉంది.

తలుపు పడిపోయింది, తియ్యండి సార్ అని సుకుమార్ ముసలి గొంతుతో బతిమాలాడు.

"ఆ విగ్గు తీసెయ్యప్పా, లోపల ఉక్కగా ఉంటాది," అన్నాడు ధనశేఖర్. "నిన్న మెకానిక్ వస్తాడని ఫోనొచ్చినాది. నేను ఎవుర్నీ పిలవలేదు. ఈ గదిలో మిషనుండాదని నేను చెప్పింది రూతమ్మ ఒక్కదానికే. అందుకే పొద్దున్నే ఆ యమ్మ మీద ఆర్డర్ పెట్టినాను. అనుమానం వచ్చిన కాయని నేను బుట్టలో ఉంచను."

నీలం అంటే ఎవరో సుకుమార్‌కు అప్పుడు అర్థమైంది.

"అయినా మంచి పిల్ల కదా అని మనసు ఒప్పలేదు," ధనశేఖర్ చెప్పుకుంటూ పోయాడు. "నువ్వు నిజంగా మెకానిక్కే అయితే ఆర్డర్ వెనక్కి తీసుకుందామనుకొని మిద్దె మీద కిటికీలో నుంచి సూస్తా ఉండాను. మాగబెట్టే గది తలుపు తీసి ఎవురూ నేరుగా లోపలికి పోరప్పా. తలుపు బార్లా తీసి, బయట నిలబడి, బీడీ తాగినంతసేపు ఆగుతారు. లోపల గాలంతా కాయలు తాగేసుంటాయి. ఈ ఊర్లో పసిబిడ్డ కూడా ఆగుతాది. నువ్వు ఆగలేదు."

ఆ మాట సుకుమార్‌కు చెంపదెబ్బలా తగిలింది. ఇన్నాళ్లూ తను అనుమానించిన మనిషి ఈ ముఠాను మోసం చేసింది తమ కోసమే. ఆమెను పట్టిచ్చింది వేరే ఎవరో కాదు, తనే. తలుపు దగ్గర కాసేపు ఊరికే నిలబడి ఉంటే చాలేది.

"మిషన్ పగలగొడదామనుకుంటా ఉండావేమో, పగలగొట్టు," అంది ఆ గొంతు. "మునిరత్నం శ్రీకాళహస్తిలో కారాపి ఖాదర్ గ్రూపు సూసుకుంటాడు. మిషన్ తెరుచుకోకపోతే మనం దొరికిపోయినట్టు లెక్క. అప్పుడు కార్లో ఉండే మనిషిని తీసేసి వాడు మాయమైపోవాల. అది వాడికి ముందే చెప్పి పెట్టిన మాట. నువ్వు ఏం చేసినా ఒకటే. కూర్చోని సదువుకో."

కన్నం మూత పడింది.

సుకుమార్ బెల్టు బకిల్‌లోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. ఇనుప రేకులూ థర్మోకోలూ దాటి ఏ సిగ్నలూ పోలేదు. బూటు మడమలో నుంచి బ్లేడు లాగి తలుపు రబ్బరును కోయబోతే బ్లేడే వంగింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన సామాన్లన్నీ విదేశాల్లో పని చేసేవేమో గానీ చిత్తూరు మామిడికాయల గదిలో ఒక్కటీ పనికి రాలేదు. తలుపును భుజంతో గుద్దాడు. గుద్దిన కొద్దీ ఆయాసం పెరిగింది. క్రేట్లలో కాయలు చల్లగా, తీరిగ్గా గాలి పీల్చుకుంటున్నాయి. వాటికి తొందరేమీ లేదు.

అతను కింద కూర్చున్నాడు. భయం వేసింది. తన సంగతి తర్వాత. ఈపాటికి ఏర్పేడు దాటిన కార్లో, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన కూర్చున్న చావుతో కబుర్లు చెబుతూ ఉండే ఆ అమ్మాయి కళ్ల ముందు మెదిలింది. ఆ ఆర్డర్ తను చదివాడు. చదివినప్పుడు దానికి చదివినట్టు గుర్తు పడింది. అట్లాగే వదిలేసి క్యూ కొట్టి ఉంటే ఆ మెసేజ్ మునిరత్నం కంటికి కనిపించేది కాదు. జాడ లేకుండా శుభ్రంగా ఎక్స్ కొట్టి దాన్ని మళ్లీ కొత్తది చేసి పెట్టింది తనే.

అక్కడ అతని ఆలోచన ఆగింది.

మిషన్ తెరుచుకోకపోతే రూతు చస్తుంది. మిషన్ తెరుచుకుని ఆర్డర్ కనిపిస్తే రూతు చస్తుంది. మిషన్ తెరుచుకుని, గ్రూపులో ఏమీ లేకపోతే? అప్పుడు మునిరత్నం పాత ఆర్డర్ ప్రకారం సూళ్లూరుపేటకు పోతాడు. రూతు చెప్పిన లెక్కన, విదేశీయులు ఈ మిషన్ పెట్టిపోతూ ముఠాకు నేర్పింది మూడే తాళం చెవులు, జి, స్పేస్, క్యూ. ధనశేఖర్‌కు వాటితో పాటు రాయడం కూడా నేర్పారు, దానికి పాస్‌వర్డ్ పెట్టారు. అది కూడా ఈ గదిలోని కీబోర్డు మీదే కుదురుతుంది. మెసేజ్‌ను ఎవరూ చదవకుండానే చదివినట్టు చేయొచ్చని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

సుకుమార్ క్రేట్లు పట్టుకుని లేచి, సందులో నడుస్తూ బల్ల దగ్గరికి చేరాడు.

*

తెర మీది అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కళ్లు నలుపుకుని జి కొట్టాడు. ఖాదర్ అని టైప్ చేయబోతే తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టాడు. గ్రూపు తెరుచుకుంది. అదే మెసేజ్, కొత్తది అన్న గుర్తుతో కూర్చుని ఉంది.

సి కొట్టాడు. అన్నిటికీ చదివినట్టు గుర్తు పెట్టమంటారా అని మిషన్ అడిగింది. పెట్టమన్నాడు. పెట్టింది.

హమ్మయ్య అనుకుంటూ ఊపిరి వదిలాడు. ఆ వదలడంలోనే ఎడమచేయి అలవాటుగా షిఫ్ట్ మీదికి పోయింది. ఎక్స్.

తెర ఖాళీ అయింది.

ఏం చేశాడో తలకెక్కడానికి కొంత సేపు పట్టింది. మేడం పొద్దున్నంతా కూర్చోబెట్టి నేర్పించిన చదువు అది. మంచి గూఢచారి జాడ వదలడు. న్యూస్‌రీడర్‌ను మళ్లీ తెరిచాడు. గ్రూపుల వరసలో ఖాదర్ ఎదురుగా చదవని మెసేజ్ ఒకటని లెక్క చూపిస్తోంది. ఏమీ సేవ్ కాలేదు.

ఈసారి అతను ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

కుడిచేత్తో జి కొట్టాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఖాదర్ అని పూర్తి చేశాడు. ఊపిరి ఎంత లాగినా లోపలికి రావడం లేదు. చెవుల్లో హోరు. మిషన్ పక్కన ఉన్న చిన్న పెట్టె మీద ఇంతసేపూ ఆరిపోయి ఉన్న దీపం ఒక్కసారిగా మిణుకుమంది. ఎవరో బయటి నుంచి ఈ మిషన్‌లోకి వస్తున్నారు.

సి. పెట్టమంటారా? పెట్టు.

తొడ కింద ఎడమచేయి కదలబోయింది. సుకుమార్ ఒళ్లంతా దాని మీద బరువు వేశాడు.

క్యూ.

తెర ఖాళీ అయింది. ఎక్స్ కొట్టినా అంతే ఖాళీ అవుతుంది, క్యూ కొట్టినా అంతే. సేవ్ అయిందో లేదో, అవతలి మనిషి అంతకంటే ముందే గ్రూపు తెరిచాడో లేదో ఆ నల్లటి తెర చెప్పదు. దీపం మాత్రం మిణుకుతూనే ఉంది. దాన్ని చూస్తూనే అతను బల్ల మీదికి వాలిపోయాడు.

*

శ్రీకాళహస్తిలో బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో జనం కిటకిటలాడుతున్నారు. రాహుకేతు పూజకు వచ్చిన ఒక కుటుంబం ఆధార్ కార్డులు జిరాక్స్ తీయించుకుంటూ ఎవరిది ఏదో కలగాపులగం చేసుకున్నారు. వాళ్లు తేల్చుకునేదాకా మునిరత్నం మర్యాదగా నిలబడ్డాడు. ముఠా మనిషైనా వరస తప్పి ముందుకు పోయే రకం కాదు.

చివరికి మూలన ఉన్న కంప్యూటర్ ఖాళీ అయింది. ఒక్కో వేలితో లాగిన్ కొట్టాడు. జి కొట్టి తన గ్రూపు పేరు టైప్ చేశాడు. స్పేస్ బార్ నొక్కాడు.

'నో ఆర్టికల్స్' అని తెర చెప్పింది.

ఇంకోసారి నొక్కాడు. మిషన్ పని చేస్తోంది, గ్రూపు ఉంది, కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు. అయితే ముందు అనుకున్నట్టే. షాపు బయట కార్లో రూతు నల్ల కళ్లద్దాల వెనక నుంచి చూస్తోంది.

"ఇంతసేపు ఏం చేస్తా ఉండావు మునిరత్నన్నా?" అంది.

"జనం అట్లుండారమ్మా," అన్నాడు అతను. సీటు కింద తయారుగా పెట్టుకున్న ఇనుప రాడ్డును మడమతో ఇంకా లోపలికి తోసి, కారు నాయుడుపేట రోడ్డు వైపు తిప్పాడు.

*

మధ్యాహ్నం దాటాక ధనశేఖర్ ఫ్యాక్టరీ ముందు ఫుడ్ సేఫ్టీ బోర్డు తగిలించుకున్న జీపు ఆగింది. సీజన్‌లో కార్బైడ్ వాడి కాయలు పండిస్తున్నారేమోనని అధికారులు వచ్చి చూసిపోవడం మామూలే. ధనశేఖర్ ఎదురొచ్చి దండం పెట్టాడు. తన దగ్గర కార్బైడ్ పొడి చిటికెడు కూడా ఉండదని గర్వంగా చెప్పాడు. అది నిజమే. ఒక్కో గది తెరిచి చూపించాడు. అందరికంటే ముందు నడుస్తున్న అధికారిణి ప్రతి గదినీ శ్రద్ధగా చూసి, చివరి గది ముందు ఆగింది.

దాన్ని మధ్యలో తెరిస్తే సరుకంతా పాడైపోతుందని ధనశేఖర్ నచ్చజెప్పబోయాడు.

"సూళ్లూరుపేటలో నీ మునిరత్నాన్నీ, లాడ్జికి వచ్చిన తెల్లాయన్నీ జీపెక్కించినామప్పా," అంది ప్రసన్నకుమారి, ఎప్పటిలాగే నవ్వకుండా. "ఈ గది కూడా తెరువు."

ధనశేఖర్ ఉంగరాల చేతులు పక్కనున్న ఇద్దరు 'అధికారులు' పట్టుకున్నారు. కూలివాళ్లు గొళ్లెం ఎత్తి తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నారు. లోపలి గాలి పోయేదాకా ఆగమ్మా, ఎవురూ అట్ల పోరు అని ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ చెప్పింది. ప్రసన్నకుమారి ఆగలేదు.

క్రేట్ల సందులో సుకుమార్ బల్ల మీద తల పెట్టి పడి ఉన్నాడు. ఎడమచేయి ఇంకా తొడ కిందే ఉంది. ఆవిడే అతని చంకల్లో చేతులు వేసి బయటికి లాక్కొచ్చింది. ఎండలో పడుకోబెట్టాక చాలాసేపటికి కళ్లు తెరిచాడు. మొదట అడిగింది రూతు గురించే.

"బతికే ఉండాది," అంది ప్రసన్నకుమారి. అతను మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. ఆవిడ చూడనట్టు ట్రాక్టర్ల వైపు చూస్తూ నిలబడింది. కాసేపాగి, మిషన్‌లో చదివిన గుర్తులు వదిలిపెట్టి వచ్చినందుకు సంజాయిషీ రాసివ్వాల్సి ఉంటుందని గుర్తు చేసింది.

రెండు రోజుల తర్వాత విగ్గుల కంపెనీ మేడ మీదికి రూతు వచ్చింది. మామూలు వాయిలు చీర, కళ్లద్దాలు లేవు. చేతిలో అట్టపెట్టె ఉంది. ధనశేఖర్ దొరికిన సంగతీ, గది సంగతీ మేడం ఆమెకు చెప్పేసింది. ఆర్డర్‌లో ఏముందో మాత్రం చెప్పలేదు.

సుకుమార్ లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ నమ్మలేదని, తన తొందర వల్లే ఆమె ప్రాణం మీదికి వచ్చిందని సూటిగా చెప్పేశాడు. క్షమించమన్నాడు. ఆమె అట్టపెట్టెను టేబుల్ మీద పెట్టింది.

"నా గురించి ఏం రాసినాడు ఆయప్ప?" అని అడిగింది. "మూడేండ్లు ఆయన ఇంట్లో అన్నం తిన్నాను. బిడ్డా అని పిలిచేవాడు."

కుళ్లినాది, బుట్టలో నుంచి తీసెయ్. ఆ అక్షరాలు సుకుమార్‌కు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

"నాకేం తెలుసు," అన్నాడు. "సి అని ఒకటి కొడితే చదవకుండానే చదివినట్టు గుర్తు పడతాది. నేను చదవనే లేదు."

రూతు అతని మొహంలోకి చూసింది. అబద్ధాలు చెప్పి బతికిన మనిషికి అబద్ధం ఎట్లా ఉంటుందో తెలుసు. కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు ఏ పక్కదో సుకుమార్‌కు ఈసారి అనుమానం రాలేదు.

"ఇంత చేతగాని అబద్ధం చెప్పేవాడిని ఈ ఉద్యోగంలోకి ఎవురు తీసుకున్నారబ్బా," అంటూ ఆమె అట్టపెట్టె తెరిచింది. నిండా మాగిన నీలం పండ్లు. గదంతా ఆ వాసన కమ్ముకుంది.

సుకుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తిందాములే," అన్నాడు. "ముందు ఆ కిటికీ తలుపులు తీసి, కాసేపు బయట నిలబడి వద్దాం పద."